మొన్న వచ్చినవాళ్ళు

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంటి ఓనరుగారు ఇంట్లో మాట్లాడేది తెలుగే. భార్యతో, మనవడితో, ఆఖరికి దేవుడితో కూడా. చనువుకొద్దీ ఓసారి “మీరూ మనవాళ్ళే కదన్నా” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “మేం ఈడోళ్ళం తల్లీ, కన్నడిగులం. మీరే మొన్న వస్తిరి” అన్నాడు. కుందలహళ్ళి, వర్తూరు, బెళ్ళందూరు వైపు ఇలాంటి పాత రెడ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ తాతలు సేద్యం చేసిన నేలలో లేచిన అంతస్తుల్లో ఇప్పుడు మేం అద్దెకుంటున్నాం.

ఈ వైపుకి వలసలు మాతో మొదలు కాలేదు. వైట్ అనే ఆయన 1882లో పక్కనే ఆంగ్లో-ఇండియన్ల కోసం ఒక ఊరు తలపెట్టాడు. మైసూరు మహారాజు పదో చామరాజ ఒడయరు అందుకు 3,900 ఎకరాలు ఇచ్చాడు. తమవాళ్ళు తమ పొలం దున్నుకుని, తమలో తాము బతకాలన్నది ఆలోచన. ఆ వైట్‌ఫీల్డ్‌లో ఇప్పుడు ఆ కుటుంబాలు ఏ కొన్నో. వచ్చిన చోట తమ చుట్టూ తామే గీత గీసుకున్నవాళ్ళు ఏమవుతారో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, కొన్ని మెట్రో స్టేషన్లు చాలు.

తెలుగువాళ్ళ దారి వేరు. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరిట ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం ఉంది. విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం మా గిద్దలూరు వైపు ఊరు. పూర్వీకులు తరాల కిందటే ఇటు వచ్చేశారు, ఆయన పుట్టింది ముద్దేనహళ్ళిలో. ఆయన మైసూరు రాజ్యానికి దివాను. ఆయన్ని పరాయివాడని ఇక్కడ ఎవరూ అనగా నేను వినలేదు. అంటే తన్నులు తింటారు.

మరి మా సంగతి? 1998లో ఐటీపీఎల్ టెక్ పార్కు తెరుచుకుంది. ఆ వెనకే మేము. ఏఈసీఎస్ లేఅవుట్‌లో పీజీలు, ఆంధ్రా మెస్సులు, కర్రీ పాయింట్లు; గోంగూర కోసం ఊరు గుర్తు చేసుకోవాల్సిన పని లేదు. 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు జిల్లాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి దాదాపు 14 మంది. ఆటో అన్న, కూరలమ్మ, ఓనరు, అందరూ తెలుగులో బదులిస్తారు. ఆ సౌఖ్యమే మమ్మల్ని చెడగొట్టిందని నా నమ్మకం. పదిహేనేళ్ళు ఉండి కూడా కన్నడంలో బస్సు చీటీ అడగలేనివాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే బోలెడుమంది. ఇక్కడివాళ్ళ మంట రాళ్ళు రువ్వే మంట కాదు, చిన్నచూపు చూశారనే మంట.

రాళ్ళు తమిళుల మీద పడ్డాయి. 1991 డిసెంబరులో కావేరి మధ్యంతర ఉత్తర్వు గెజెట్‌లో రాగానే వాళ్ళ ఇళ్ళు, కొట్లు తగలబడ్డాయి. తెలుగువాళ్ళకు అలాంటి రోజు రాలేదు. మా మంచితనం వల్ల అనుకోను. కృష్ణ తగాదా ఉన్నా అది బెంగళూరు కుళాయి దాకా రాలేదు, కావేరి మాత్రం ఇంటింటి నీళ్ళు. 2017లో ‘బాహుబలి 2’కి అడ్డు తగిలినప్పుడు కూడా కోపం తమిళ నటుడు సత్యరాజ్ కావేరి గురించి ఎప్పుడో అన్న మాటల మీదే. ఆయన విచారం తెలిపాక తెలుగు సినిమా ఆడింది.

2023 డిసెంబరులో బోర్డులమీద 60 శాతం కన్నడం ఉండాలని కర్ణాటక రక్షణ వేదిక వీధికెక్కింది. మా మేడ కింది కర్రీ పాయింటు గుంటూరాయనది; బోర్డు తెలుగు, ఇంగ్లీషు. ఓనరుగారు దిగివచ్చి “కన్నడం పైన రాయించప్పా, పెద్దగా” అని చెప్పారు, తెలుగులోనే. రెండు రోజుల్లో మారింది.

2024 జులైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు కోటా బిల్లును మంత్రివర్గం ఆమోదించి, గొడవ కాగానే పక్కన పెట్టింది. ఆ సందులోనే ఆంధ్ర ఐటీ మంత్రి నారా లోకేశ్ కంపెనీలను విశాఖకు రమ్మన్నారు. మా వాట్సప్ గ్రూపుల్లో ఆ కబురు తెగ తిరిగింది. మా వీధిలో ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు లేరు.

బడుల్లో కన్నడం తప్పనిసరి చేసిన 2015 చట్టం మీద మాత్రం మావాళ్ళు ఇంకా సణుగుతూనే ఉంటారు, పిల్లలకు భారమని. భారం పిల్లలకు కాదు. నా కూతురు కన్నడం గడగడ చదువుతుంది. భారమంతా ఫీజు కట్టి, ఆ పుస్తకం తెరవని మా తరానిది.