తీవ్ర భావోద్వేగాలు: జెండర్ తేడాల గణన నమూనాలు

భయం, కోపం, దుఃఖం హద్దు మీరినప్పుడు స్త్రీపురుషులు వాటిని తట్టుకునే తీరులోని తేడాలను సమీకరణాలుగా రాసి, కంప్యూటర్‌పై నడిపి చూసే పద్ధతి ఇది. మనోవిజ్ఞానం, నాడీశాస్త్రం, కృత్రిమ మేధ మూడూ దీనికి ఆధారాలు.

నేపథ్యం

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984 నాటి గ్రంథంలో తట్టుకునే తీరులను రెండుగా విడదీశారు: సమస్యను చక్కదిద్దుకోవడం, ఉద్వేగాన్ని చల్లార్చుకోవడం. మొదటిది పురుషులదనీ రెండోది స్త్రీలదనీ చాలాకాలం అనుకున్నారు. ఎన్నో అధ్యయనాలను కలిపి టామ్రెస్, జానికి, హెల్గెసన్ 2002లో చేసిన విశ్లేషణ దీన్ని పూర్తిగా బలపరచలేదు. స్త్రీలు దాదాపు అన్ని పద్ధతులనూ ఎక్కువగానే వాడుతున్నట్టు తేలింది. ఇతరులతో చెప్పుకోవడం, ఆసరా కోరడం, తలపోత, తమకు తామే ధైర్యం చెప్పుకోవడంలో తేడా మరింత స్పష్టం. పాత విభజన కన్నా ఈ నిర్ధారణే నమ్మదగింది. ఒత్తిడిలో స్త్రీలు సంరక్షణ, స్నేహబంధాల వైపు మొగ్గుతారని షెల్లీ టేలర్ బృందం 2000లో ప్రతిపాదించింది.

తలపోత అంటే బాధనూ దాని కారణాలనూ అదేపనిగా మనసులో తిప్పుకోవడం. తలపోత కుంగుబాటును పొడిగిస్తుందనే సిద్ధాంతాన్ని సాధారణంగా 1991కి చెందినదిగా చెబుతున్నా, సుసాన్ నోలెన్-హోక్సెమా 1987 వ్యాసంలోనే దాని మూలం ఉంది. 1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని ఆమె బృందం నమోదు చేసి ఉంది. తలపోసే అలవాటున్నవారిలో భూకంపం తరువాత ఏడు వారాలకు కూడా కుంగుబాటు ఎక్కువగా కనిపించింది.

నమూనా పనితీరు

నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ ట్రాయర్ రూపొందించిన కాల-కారణ అల్లికలు (నెట్‌వర్క్‌లు) ఈ పనికి అనువైనవి. ఇందులో భయం, శరీర స్పందన, అణచివేత వంటి ప్రతి స్థితికీ సాధారణంగా 0 నుంచి 1 వరకు ఒక విలువ ఉంటుంది. స్థితుల మధ్య లంకెలకు బరువులు, ప్రతి స్థితికీ ఒక వేగం ఉంటాయి. భయం విలువ 0.5, దానిపై పడే ప్రభావం 0.9, వేగం 0.4, కాలపు అడుగు 0.5 అనుకుంటే, తేడా 0.4ను వేగంతో, అడుగుతో గుణించగా 0.08 వస్తుంది, భయం 0.58కి చేరుతుంది. ఇలా వందల అడుగులు నడిపితే భయం పెరిగి, నిలిచి, తగ్గే గీత వస్తుంది. అణచివేత నుంచి భయానికి వెళ్లే లంకెకు ఇచ్చేది రుణ బరువు కనుక అది ఈ గీతను కిందికి లాగుతుంది.

జెండర్ తేడాను చూపడానికి రెండు వేరు అల్లికలు అక్కర్లేదు. ఒకే అల్లికలో భయం నుంచి ‘ఇతరులతో చెప్పుకోవడం’, ‘తలపోత’, ‘అణచివేత’లకు వెళ్లే లంకెల బరువులు మార్చితే చాలు.

పరిమితులు

జాన్సన్, విస్మన్ 2013 విశ్లేషణలో తలపోతలో స్త్రీపురుషుల తేడా పరిమాణం 0.24 మాత్రమే, అంటే చిన్నదే. పైగా ఆధారాల్లో ఎక్కువ భాగం వ్యక్తులు తమ గురించి తాము చెప్పుకున్నవే. సగటు బరువులతో నడిపిన నమూనా సమూహాల పోకడను వివరించగలదు. ఒక స్త్రీకో పురుషుడికో సాయపడాలంటే బరువులను ఆ వ్యక్తి నుంచే లెక్కగట్టాలి.