పాటల పెట్టె, ఇంటి చిట్టా: పడమటి కర్నూలు సీమలో గ్రామఫోను – దాంపత్యం

తెలుగు నాటక చరిత్రను గురించిన పరిశోధన ప్రధానంగా రచన చుట్టూ, ప్రదర్శన చుట్టూ సాగింది. నాటకాన్ని విన్నవారి చరిత్ర అంతగా పరిశీలనకు రాలేదు. రంగస్థల పద్యానికి గ్రామఫోను రెండవ జన్మనిచ్చిందన్న మాట తరచు వినబడుతుంది గాని, ఆ యంత్రాన్ని ఎవరు కొన్నారు, ఇంటి ఖర్చులో ఏ పద్దు తగ్గించి కొన్నారు, ఇల్లాలు దానిని ఎట్లా స్వీకరించింది అన్న ప్రశ్నలు పక్కనే ఉండిపోయాయి. ఖరీదైన శ్రవణాభిరుచికీ కాపురానికీ మధ్య ఏర్పడిన ఒరిపిడిని ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలకు, ప్రత్యేకించి పెద్దకడుబూరుకు పరిమితమై పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు నాటకసాహిత్యంతో పాటు ఈ వ్యాసకర్త ఇంట మిగిలిన ఒక చిట్టా పుస్తకం, కొన్ని గ్రామఫోను ప్లేట్లు ఆధారాలు. సొంత ఇంటి సాక్ష్యం పరిశోధకునికి ఎంత సులభంగా దొరుకుతుందో అంత సులభంగా దారి తప్పించగలదు. అందువల్ల దానిని ఒక ఇంటి సాక్ష్యంగా మాత్రమే గ్రహించాలి.

పెద్దకడుబూరు ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయాల నడుమ ఉన్న మండలకేంద్రం. మద్రాసు రాష్ట్రంలో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. నల్లరేగడి, పత్తి, వేరుసెనగ, ఆ మూడింటినీ తలకిందులు చేసే అనావృష్టి ఇక్కడి బతుకుకు ఆధారాలు. మద్రాసు–బొంబాయి రైలుమార్గం మీద ఉండటం వల్ల ఆదోని పత్తి వ్యాపారంతో పెరిగింది. ఆ వ్యాపారంతో పాటే కొత్త వస్తువులూ వచ్చాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ అంగడిలో వినిపించే ఊరది. పైగా బళ్లారి ఆధునిక తెలుగు నాటకానికి పుట్టినిళ్లలో ఒకటి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపిన ఊరు, బళ్లారి రాఘవ నటించిన ఊరు. నాటకపిచ్చి ఇక్కడివారికి ఎవరో తెచ్చిపెట్టినది కాదు.

ధర్మవరం వారి చిత్రనళీయం ఇతివృత్తాన్ని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవచ్చు. మగనికి ఒక వ్యసనం, దాని కోసం ఒడ్డిన సర్వస్వం, అడవిలో ఒంటరిగా మిగిలిన ఆలు. జూదాన్నీ సంగీతాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయినా ఇంటి ఆడవారి దృష్టిలో ఈ రెంటికీ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా లేదనడానికి మన నాటకాలే సాక్ష్యం. కాళ్లకూరి నారాయణరావు చింతామణిలో పాట వినడమంటే ఇల్లు విడిచి వెళ్లడం. వెళ్లినవాడు ఆస్తినీ, ఆలినీ, పరువునూ ఒక్కసారిగా పోగొట్టుకుంటాడు. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు మేజువాణీలను నిరసించినప్పుడు వారి వాదంలో సంగీతం, ధనం, దాంపత్యనిష్ఠ విడదీయరానివిగా కలిసి ఉన్నాయి.

గ్రామఫోను వీటిని విడదీసింది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించిన తరువాత కొద్ది ఏండ్లలోనే దక్షిణాది గాయనుల కంఠాలూ రికార్డులకెక్కాయి. కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి మొదలైన తొలి గాయనులలో ఎక్కువమంది దేవదాసీ కుటుంబాల స్త్రీలే. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రకటించిన రాధికాసాంత్వనాన్ని ప్రభుత్వం అశ్లీలమని 1911లో నిషేధించింది. అదే కాలంలో ఆమె వర్గానికి చెందిన గాయనుల కంఠాలు గృహస్థుల పడసాలలో నిరభ్యంతరంగా మోగుతున్నాయి. పాడే మనిషి గడప దాటి రాలేదు, ఆమె పాట మాత్రం వచ్చింది. మగవాడు ఇల్లు కదలనక్కర లేకపోయింది. దీనితో ఇల్లాలి ఫిర్యాదు స్వభావం మారింది. అంతకు ముందు 'ఎక్కడికి వెళ్లావు' అని అడిగిన నోరు ఇప్పుడు 'ఎంత పెట్టి కొన్నావు' అని అడగవలసి వచ్చింది. మొదటి ప్రశ్నకు ఊరంతా ఆమె పక్షం. రెండవ ప్రశ్న అడిగితే సంగీతం తెలియని మనిషి అనిపించుకోవలసి వస్తుంది. సంస్కరణ సాహిత్యం ఈ మార్పును గమనించినట్లు తోచదు.

ఖర్చు విషయం కొంచెం వివరంగా చూడాలి. కంపెనీ కలకత్తాలోని సీల్దాలో 1908లో ఫ్యాక్టరీ పెట్టింది. 1928లో డమ్‌డమ్‌కు మార్చింది. 1930లలో మద్రాసులో సరస్వతీ స్టోర్సు ఓడియన్ రికార్డులను అమ్మింది. ప్లేట్లు మన దేశపు లక్కతోనే తయారైనా సామాన్యునికి అవి చౌక కాలేదు. పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు మోగేది సుమారు మూడు నిమిషాలు. ఒక నాటకఘట్టం వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. కిందపడితే పగులుతాయి, ఎండలో పెడితే వంగుతాయి. వీటన్నిటినీ మించినది ముల్లు. ఉక్కు ముల్లును ప్రతి వైపుకూ మార్చాలి, లేకుంటే అది గాడిని అరగదీస్తుంది. కాబట్టి గ్రామఫోను ఒకసారి కొని మరచిపోయే వస్తువు కాదు. విన్నప్పుడల్లా ఖర్చే. తోలుసంచీలో డబ్బు కనబడే ఇంట ఇది సమస్య కాదు గాని, వర్షం మీద ఆధారపడిన సేద్యగాని ఇంట సమస్యే.

మా తాత ఆదోనిలో ఒక సెకండ్‌హాండు పెట్టె కొన్నది పత్తి పండిన ఒక ఏడు. కొత్త ప్లేట్లు మన దేశంలో దాదాపు 1970 వరకూ తయారయ్యాయి కనుక, కరెంటు లేని ఇంటికి కీ ఇచ్చే పెట్టె అప్పటికి పాతబడిన వస్తువేమీ కాదు. ఆయన చిట్టా 1958 మొదలుకొని నాలుగేండ్లది మిగిలింది. పొడుగాటి పుస్తకం, ఎడమ జమ, కుడి ఖర్చు. కూలి, విత్తనాలు, ఎద్దుల దాణా, కిరోసిన్, ఉప్పు, ఇట్లా సాగుతుంది. పెట్టె ధర ఎక్కడా లేదు. ప్లేట్ల ధరా లేదు. రెండు మూడు నెలలకొకసారి మాత్రం 'సూదులు' అన్న పద్దు కనబడుతుంది. ఇంట కుట్టుపని చేసేది ఒక్క అవ్వే. బొంత కుట్టడానికి ఏడాదికి నాలుగు సూదులు చాలునని ఆమెకు తెలుసు. చిట్టాలోని సూదులు గ్రామఫోను ముళ్లు.

ఈ పద్దును ఎట్లా చదవాలి? దాపరికంగా చదవడం తేలిక. కాని చిట్టా ఆయన తన కోసం రాసుకున్నది, అవ్వకు చదువు రాదు. చదువురాని భార్య నుంచి అక్షరాన్ని దాచనక్కర లేదు. అప్పిచ్చే సావుకారు ఆ పుస్తకం చూసేవాడని మా ఇంట చెప్పుకుంటారు. అదే నిజమైతే ఆయన దాచింది భార్య నుంచి కాదు. అప్పున్న రైతు పాటలు వింటున్నాడని సావుకారుకు తెలియకూడదు. అవ్వ ఆ మాటను దాచింది కాబట్టే ఆ పెట్టె నిలిచింది. ఈ వ్యాసకర్త మొదట దీనిని మగవాని చాటుమాటు ఖర్చుగా భావించి, తరువాత అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

అవ్వకు అభ్యంతరం లేదని కాదు. అయితే అది ధరను గురించి కాదు, వేళను గురించి. తాతకు ప్రాణం బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయంలోని కాటిసీను పద్యాలు. నాటకసమాజాలు ఆ ఘట్టంలో జాషువా శ్మశాన పద్యాలను కూడా చేర్చి పాడే సంప్రదాయం ప్రసిద్ధం. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని ఆయన పెట్టెకు కీ ఇచ్చే వేళ, అవ్వ దీపం పెట్టే వేళ ఒకటే. "పెండ్లాన్ని అమ్ముకున్నోని పద్యాలు దీపం పెట్టే యాళకు యిండ్లో ఏమిటికి?" అన్నది ఆమె మాటగా మా ఇంట మిగిలింది. సంధ్యవేళ శ్మశానం ప్రస్తావన అమంగళమన్న నమ్మకం ఇందులో పైకి కనబడుతుంది. దాని అడుగున మరొకటి ఉంది. చంద్రమతిని అమ్మినది అప్పు తీర్చడానికి. పెట్టె ఇంటికి వచ్చిన ఏటికి మరుసటి ఏడు వానలు లేవు, అవ్వ కమ్మలు ఆదోనిలో కుదువకు వెళ్లాయి. కమ్మలు విడిపించడానికి మూడేండ్లు పట్టింది. హరిశ్చంద్ర పద్యాన్ని మగవారు సత్యనిష్ఠకు పరాకాష్ఠగా విన్నారు. ఆ పద్యాన్నే వంటింటి గడప దగ్గర కూర్చున్న మనిషి తాకట్టు కథగా విన్నది. రికార్డు ఒక్కటే, విన్న నాటకాలు రెండు.

స్త్రీధనాన్ని గురించి యాజ్ఞవల్క్యస్మృతి చెప్పిన నియమం ఇక్కడ ప్రస్తావించదగినది. కరువులో, ధర్మకార్యానికి, రోగంలో, నిర్బంధంలో భర్త వాడుకొన్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కర లేదని ఆ స్మృతి చెబుతుంది. ఈ నాలుగింటిలో అభిరుచి లేదు. కమ్మలు కరువుకే పోయాయని తాత వాదం. పెట్టె కొనకుంటే కరువుకు అవి మిగిలేవని అవ్వ వాదం. ధర్మశాస్త్రం దృష్టిలో ఇద్దరి మాటా నిలుస్తుంది. ఏ ఖర్చు ఏ ఖర్చు వల్ల వచ్చిందో చిట్టాలో తేలదు. దాంపత్యంలో ఖరీదైన సరదా గురించి వచ్చే తగవులన్నింటిలోనూ చిక్కు ఇక్కడే ఉందని అనిపిస్తుంది.

ఈ తగవు ఎట్లా తెగిందో ప్లేట్లు చెబుతాయి. మిగిలినవి పదకొండు. వాటిలో నాలుగింటి నడిమి కాగితం మీద పసుపు చుక్క ఉంది. అవి అవ్వ పాడి డబ్బుతో తెప్పించుకొన్న భజనపాటలు, ఒక పెండ్లిపాట. దీపం వేళ పసుపు చుక్క ప్లేట్లే మోగాలి, కాటిసీను భోజనాల తరువాత. ఆమెకు అక్షరం రాకపోయినా ఏది తనదో చీకట్లో తప్ప ఎప్పుడైనా గుర్తుపట్టగలదు. గమనార్హమైన విషయం, ఆ నాలుగు ప్లేట్ల గాడులు తాత ప్లేట్ల కన్నా తక్కువేమీ అరగలేదు. ముళ్ల ఖర్చు అప్పటి నుంచి తగ్గలేదు, పెరిగే ఉంటుంది. అంటే ఇక్కడ పరిష్కారం ఖర్చుకు హద్దు పెట్టడం వల్ల రాలేదు. వినే వేళ మీద, ఏది వినాలన్న ఎంపిక మీద ఆమెకు హక్కు రావడం వల్ల వచ్చింది. ఊరి పెండ్లిండ్లకు పెట్టెను ఎరువిచ్చేదీ ఆమే. పెట్టె తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటు వచ్చిన తాంబూలం ఆమె చేతికే అందేది.

ఇందులో శబ్దానికి సహజమైన ఒక లక్షణం పనిచేసింది. మిద్దె ఇంటిలో సంగీతాన్ని ఒక్కడే వినలేడు. పొగాకు, పేకాట, పుస్తకం ఒక్కరివి కాగలవు. గ్రామఫోను కొన్నవాడొక్కడే, విన్నది ఇంటిల్లిపాదీ. ఇష్టం లేనివారికీ అది తప్పదు. అందుకే ఆమె అభ్యంతరానికి బలం వచ్చింది, అందుకే ఆమెకు వాటా అడిగే వీలూ కలిగింది.

అన్ని ఇండ్లలోనూ ఇట్లాగే జరిగిందనుకోవడం పొరపాటు. అవ్వకు పాడి డబ్బు ఉండేది. సొంతంగా చేతిలో పైసా ఆడని ఇల్లాలికి పసుపు చుక్క పెట్టే అవకాశం లేదు. నేతపని ఇండ్ల సంగతి మరీ వేరు. మాచాని సోమప్ప చొరవతో 1938లో నేతగాళ్ల సహకార సంఘం వెలసిన ఎమ్మిగనూరులో మగ్గం మీద భర్త, కండెలు చుడుతూ భార్య ఒకే గదిలో పనిచేస్తారు. మగ్గం చప్పుడులో, మూడు నిమిషాలకొకసారి చెయ్యి కడిగి ప్లేటు మార్చవలసిన పెట్టె అక్కడ పనికిరాదు. వారికి తగినది రేడియో.

రేడియో పాట పాటకూ ఖర్చు లేనిది. అప్పట్లో తపాలా కార్యాలయంలో ఏడాదికొకసారి లైసెన్సు కడితే సరిపోయేది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. ట్రాన్సిస్టర్లు ఊళ్లకు చేరేసరికి తగవు ధర నుంచి కేంద్రం మార్చే మర మీదికి మారింది. ఎల్పీల కాలంలో మగవానికి కొత్త సమర్థన ఒకటి దొరికింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వెంకటేశ సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత ఇంట ఉండటం పుణ్యం కనుక వాటిని మోగించే రికార్డు ప్లేయరు కొనడం ఖర్చు కాదు, భక్తి! స్మృతి చెప్పిన ధర్మకార్యం కింద ఆ యంత్రాన్ని చేర్చినవారు ఎందరో లెక్క లేదు గాని, ఆ తరువాత దాని మీద సినిమాపాటలే ఎక్కువ మోగి ఉంటాయని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఇప్పుడు ఈ సీమ నుంచి మిరపకోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస వెళ్లే దంపతుల వద్ద సెల్‌ఫోన్లు ఉన్నాయి. వాటిలో పాటలున్నాయి, చెవులకు పెట్టుకునే తీగలున్నాయి. ఒకరు వినేది పక్కవారికి వినబడని స్థితి ఈ ఇండ్లలోకి ఇప్పుడే వచ్చింది. దంపతుల శ్రవణంలో దాని పర్యవసానాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలి. అంతకన్నా ముందు ఆదోని పత్తి వర్తకుల, పల్లె రైతుల చిట్టాలు చెదలకు పోకముందే సేకరించి, వాటిలో 'సూదులు' వంటి పద్దులు ఇంకేమున్నాయో చూడవలసి ఉన్నది. పాత ఇనుపసామాను అంగళ్లలో దొరికే ప్లేట్లను పాట కోసమే కాక, నడిమి కాగితం మీది మరకల కోసం కూడా చూడాలి. మా ఇంటి ప్లేట్లను మొదటిసారి తుడిచినప్పుడు ఈ వ్యాసకర్త అయిదవ పసుపు చుక్కను మురికి అనుకొని చెరిపివేశాడు. అది ఏ పాటో ఇప్పుడు ప్లేటు మీద చదవవచ్చు, కాటిసీను రెండవ భాగం. దాని మీద అవ్వ చుక్క ఎందుకు పెట్టిందో చెప్పగలవారు ఇంట ఎవరూ మిగలలేదు.