గార పళ్ల గుట్టు విప్పిన చిన్న ఊరి డాక్టరు

ఈ రోజు మన కథ ఒక పళ్ల డాక్టర్‌ది. పేరు ఫ్రెడరిక్ మెకే. అమెరికాలో కొండల పక్కన ఉన్న ఒక చిన్న ఊళ్లో పనిచేశాడు. మన స్కూల్ పుస్తకాల్లో ఆయన పేరు ఎక్కడా చూసి ఉండరు. కానీ ఆయన ముప్పై ఏళ్లు వెతికిన జవాబుకీ, మా ఇంట్లో ఉన్న ఒక పెళ్లి ఆల్బమ్‌కీ సంబంధం ఉంది. ముందు ఆ ఆల్బమ్ సంగతి చెప్తాను.

మాది నల్గొండ జిల్లా. మా చిన్నమ్మ పెళ్లి ఫొటోలు ఎన్ని తిరగేసినా, ఒక్క దాంట్లో కూడా ఆమె నోరు తెరిచి నవ్వలేదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది, ఇప్పటికీ అంతే. ఆమె పళ్ల నిండా గోధుమరంగు గార. 1980ల్లో బడికి పోయేటప్పుడు సారు అందరి ముందు నిలబెట్టి "పళ్లు తోముకోవా నువ్వు?" అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి బొగ్గు, ఇటుక పొడి కలిపి చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా తోముకుంది. గార మాత్రం పోలేదు.

ఇప్పుడు అమెరికా పోదాం. 1901. డెంటల్ కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన మెకే, కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో ప్రాక్టీస్ పెట్టాడు. వచ్చిన పేషెంట్లను చూసి ఆశ్చర్యపోయాడు. అక్కడ పుట్టి పెరిగిన చాలామంది పళ్ల మీద గోధుమరంగు మరకలు, కొందరికైతే చాక్లెట్ రంగు. కాలేజీలో చదివిన పుస్తకాల్లో ఈ జబ్బు గురించి ఒక్క ముక్క లేదు. ఊళ్లో అడిగితే ఒకరు పంది మాంసం ఎక్కువ తినడం వల్ల అన్నారు, ఒకరు పాలు మంచివి కాక అన్నారు. మిగతా డాక్టర్లకు అది పట్టించుకునే విషయమే కాదు. "ఇక్కడోళ్ల పళ్లు ఇంతే" అని వదిలేశారు.

మెకే వదల్లేదు. ఆ రోజుల్లో దంతవైద్యంలో పెద్ద పేరు జి.వి. బ్లాక్. ఆయన మొదట నమ్మలేదు. ఇంత మందికి ఉన్న జబ్బు గురించి ఎవరూ రాయకుండా ఎలా ఉంటారు అనుకున్నాడు. మెకే మరకలున్న పళ్లు పంపించాడు. చివరికి 1909లో బ్లాక్ ఆ ఊరికొచ్చాడు. అక్కడే పుట్టిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి మరకలున్నాయని సర్వేలో తేలింది. 1915లో చనిపోయేదాకా బ్లాక్ ఈ పని మీదే మెకేకి తోడున్నాడు.

ఇద్దరూ కలిసి ఒక ముఖ్యమైన సంగతి పట్టుకున్నారు. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్లకు మరకలు రావు. చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్ దెబ్బతింటుంది. అంటే ఆ మరక బయటి నుంచి అంటుకున్న మురికి కాదు, పన్నుతో పాటే తయారైనది. ఎంత తోమినా ఎందుకు పోతుంది?

మరి కారణం ఏంటి? మెకే అనుమానం నీళ్ల మీద. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్లాడు. అక్కడి తల్లిదండ్రులు ఒక మాట చెప్పారు: ఐదు మైళ్ల దూరంలోని వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేసినప్పటి నుంచే పిల్లల పళ్ల మీద మరకలు వస్తున్నాయని. మెకే ఆ నీళ్లు పరీక్ష చేయించాడు. తప్పుపట్టాల్సింది ఏమీ దొరకలేదు. అయినా ఆ తల్లుల మాటను కొట్టిపారేయలేదు. పైపు వదిలేయండి, పక్కనున్న ఇంకో ఊట నీళ్లు వాడండి అన్నాడు. ఊరు ఆయన మాట విన్నది. కొన్నేళ్లకు, చిన్నపిల్లలకు కొత్తగా వచ్చిన పళ్లు తెల్లగా వచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నీళ్లలో ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. పేరు తెలియకుండానే పిల్లల్ని కాపాడారు.

పేరు దొరికింది 1931లో. ఆర్కాన్సాలో బాక్సైట్ అనే ఊరుంది, అల్యూమినియం కంపెనీ కట్టించిన ఊరు. అక్కడి పిల్లలకూ ఇవే మరకలు. కంపెనీ కెమిస్ట్ చర్చిల్‌కి భయం పట్టుకుంది, జనం అల్యూమినియం గిన్నెల మీద నింద వేస్తారేమోనని. కొత్త పద్ధతిలో నీళ్లు పరీక్షించాడు. బయటపడింది ఫ్లోరైడ్. వెంటనే మెకేకి ఉత్తరం రాశాడు. మెకే పంపిన వేరే ఊళ్ల నీళ్లలోనూ అదే తేలింది. ముప్పై ఏళ్ల ప్రశ్నకు జవాబు దొరికింది.

తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ఇంకో డాక్టర్ లెక్క తేల్చాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే పళ్లు పుచ్చడం తగ్గుతుంది, బాగా ఎక్కువైతేనే ప్రమాదం. మన టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ ఉండటానికి మూలం ఈ కథే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్యులు రాశారు. పళ్లకే కాదు, ఎముకలకు కూడా. నల్గొండలో వంగిపోయిన నడుములు, తిరగని మెడలు మనందరం చూసినవే. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లే తాగాం. నీళ్లలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరుంది. మన జిల్లాకు ఎలాంటి పేరొచ్చిందో చూడండి.

నన్ను బాధపెట్టేది ఒకటే. 1931లో కారణం తెలిసింది. 1937లో మన దగ్గరే ఉందని తెలిసింది. అయినా 1980ల్లో ఒక చిన్నపిల్లను క్లాసులో నిలబెట్టి పళ్లు తోముకోవా అని అడిగారు. ఆ మరకలో ఆమె తప్పు ఏమీ లేదన్న మాట యాభై ఏళ్లలో ఆ క్లాసు దాకా రాలేదు.

మీ ఊళ్లో ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే ఒకసారి టెస్ట్ చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట కూడా ఒకటిన్నర దాటకూడదు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు జాగ్రత్త.

ఈ ఎపిసోడ్ కోసం చదివిందంతా మొన్న చిన్నమ్మకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ ఊరోళ్లకు నీళ్లు మార్చనీకి ఎన్నేండ్లు పట్టింది?"

"డాక్టరు చెప్పినంక ఎక్కువ ఏండ్లు పట్టలే చిన్నమ్మా."

"మంచి డాక్టరు," అంది. నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది.