ఇటలీ భోజనశాలను వెదకుచు

బెంగళూరు నగరమునకు మేము పోయినప్పుడెల్ల మా బంధువుల పిల్లలు కోరునది ఒక్కటియే: "పెదనాన్నా, ఇటలీ హోటలుకు పోదాము." క్రిందటి పర్యాయము వారి కోరిక కాదనలేక, ఆ నగరమున ఇటలీ భోజనమునకు ఏ హోటలు మేలైనదో నలుగురిని విచారించితిమి. నలుగురును నాలుగు పేర్లు చెప్పిరి. ఒకరు కట్టెల పొయ్యిలో కాల్చిన పిజ్జాయే పిజ్జా అనిరి. మఱియొకరు ఏ పూటకా పూట పిండి పిసికి పాస్తా చేయుచోటికే పోవలెననిరి. మాకు తోచిన పరీక్ష వేఱు. పట్టికలో వంటకములు తక్కువగానున్న హోటలును నమ్మవచ్చును. నూఱు పేర్లు వ్రాసిపెట్టిన చోట ఏ ఒక్కటియు ఆనాడు వండినది కాకపోవచ్చును. ఇడ్లీ హోటలు విషయమునను మేము పాటించు సూత్రమిదియే.

ఇట్లు తిరిగి తిరిగి మేము చేరినది లావెల్ రోడ్డు. ఈ వీధిలోను, దీనికి చేరువనున్న విఠల్ మాల్యా రోడ్డులోను ఇటీవలి దశాబ్దములలో పాశ్చాత్య భోజనశాలలు పెక్కు వెలసినవి. పిల్లలు పట్టిక చూచుచుండగా మా మనస్సు వీధిపేరు మీదికి పోయినది. కోలారు జిల్లావారికి ఆ పేరు క్రొత్తది కాదు గదా!

మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ ఐర్లండు దేశస్థుడు. సైన్యమున పనిచేసి, న్యూజిలండు యుద్ధములలో పాల్గొని, తరువాత బెంగళూరున స్థిరపడినవాడు. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ మారికుప్పము, ఊర్‌గాము ప్రాంతముల మట్టిలో బంగారపు రేణువులున్నవని కనుగొనియుండెను. ఆ సంగతి చదివిన లావెల్ 1871లో ఎడ్లబండి కట్టించుకొని కోలారు ప్రాంతమునకు వచ్చెను. 1873లో మైసూరు ప్రభుత్వమును గని త్రవ్వుటకు అనుమతి కోరెను. అనుమతి లభించినది గాని, పెట్టుబడి చాలక తన హక్కును ఇతరులకు విడిచిపెట్టెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను లండను కంపెనీ ప్రవేశించినపిమ్మటనే గనులు నిజముగా గనులైనవి. లావెల్ పేరు మాత్రము బెంగళూరు వీధికి నిలిచినది. ఆ వీధిలో ఆయన ఇంటిపేరు ఊర్‌గాము హౌసు. అనగా మన పల్లె పేరే.

ఇక ముఖ్యాంశము. టేలరు కంపెనీవారి గనులలో పనిచేయుటకు ఇంగ్లండు నైఋతిమూలనున్న కార్న్‌వాల్ సీమనుండి గనిపనిలో ఆఱితేరినవారు వచ్చిరి. వారితోపాటు ఇటలీ దేశస్థులును వచ్చి మన కోలారు భూగర్భమున పనిచేసిరి. వారు తెల్లవారే యైనను బ్రిటిషువారితో సమానమైన స్థానము వారికి లేదు. తెల్లవారిలోను మెట్లు కలవు. అన్ని మెట్లకును అడుగున చిత్తూరు, ఉత్తరార్కాడు, సేలము మొదలగు ప్రాంతములనుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు తట్టి గుడిసెలలో నుండిరి. 20వ శతాబ్ది ఆరంభమున గనులను నమ్ముకొనిన కార్మికులు 20 వేలకు మించియుండిరి.

కావున బెంగళూరున ఇటలీ వంటకములు వెదకు మాకు కలిగిన ప్రశ్న యిది: ఇటలీవారు నిజముగా కాపురమున్న గనిసీమలో ఇటలీ భోజనశాల యొకటియు ఏల నిలువలేదు?

కలకత్తాలో నిలిచినది గదా! ట్యూరిన్ నగర ప్రాంతమువాడైన ఫెడరీకో పెలితి 1869లో వైస్రాయి మేయో ప్రభువు కొలువునకు మిఠాయిలు చేయువాడుగా వచ్చి, ప్రభువు 1872లో హత్యకు గుఱియైన పిదప స్వంతముగా వ్యాపారము పెట్టి, కలకత్తాలోను సిమ్లాలోను పేరుమోసెను. చెన్నపట్టణమున మౌంట్ రోడ్డుపై ద ఆంజెలిస్ అను ఇటలీ దేశస్థుని హోటలు ఉండెను. ఈయన 1910లో చెన్నపట్టణపు జనులకు విమానము ఎగురవేసి చూపిన ఘనుడు కూడ. అయితే వీరి బల్లలపై ఉండినది ఇటలీ పల్లెటూరి వంట కాదు. దొరలు కోరినది ఫ్రెంచి పద్ధతి విందు, కేకులు, మిఠాయిలు. వీరు వడ్డించినదియు అదియే. ఇటలీవాడు వంటవాడైనంతమాత్రమున వంట ఇటలీది కానక్కఱలేదు.

గనిసీమ సంగతి వేఱు. అచ్చటి భూమి కంపెనీది, ఇండ్లు కంపెనీవి. దొరల వినోదమునకు క్లబ్బు ఉండెను. బజారు నడిపినవారు మనవారు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట గనుల అంచున పెరిగిన ఊళ్లు. మొదటిదానికి మైసూరు రెసిడెంటుగానుండిన డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు పెట్టిరి. దొరల క్లబ్బునకును కూలీల బజారునకును నడుమనున్న ఇటలీ గనివానికి హోటలు పెట్టుటకు తావెక్కడ? పెట్టినను వచ్చి తినువారెవరు? మా అభిప్రాయమున కారణమింతియే. పెద్ద నగరమున ఎవరి ఇల్లును కానిచోట నలుగురు కూర్చుండి తినవచ్చును. గనియూరిలో ప్రతి చోటును ఎవరిదో ఒకరిది.

మెక్సికో దేశమున రియల్ డెల్ మోంతె అను వెండిగనుల ఊరు కలదు. అక్కడికిని కార్న్‌వాల్ గనివారే పోయిరి. వారు గనిలోనికి తీసికొనిపోవు పిండి పొట్లము, అనగా లోపల మాంసము, దుంపలు పెట్టి కాల్చిన కజ్జికాయ వంటిది, అక్కడి మిరపకాయలతో కలిసి ఆ ఊరి వంటకమై నేటికిని అమ్ముడగుచున్నది. వంటకము నిలుచుటకు వండినవాడొక్కడే చాలడు. ప్రక్కవాడు దానిని తనదిగా చేసికొనవలెను.

మన గనులలో ఆ కలయికకు అవకాశము లేకపోలేదు. ఆ కాలమున బ్రదుకుతెఱువునకై దేశాంతరముల గనులకు పోయిన ఇటలీవారిలో ఉత్తరభాగపు కొండసీమలవారు పెక్కుమంది. నేడు మన పిల్లలు కోరు పిజ్జా ఆనాడు దక్షిణమున నేపుల్సు నగరపు పేదల తిండి. ఉత్తరపు గనివాడు దానిని ఎన్నడును చూచియుండకపోవచ్చును. ఆతని దినభోజనము పొలెంట. మరుగు నీటిలో మొక్కజొన్నపిండి పోసి, ముద్ద కట్టువఱకు కట్టెతో త్రిప్పి త్రిప్పి దింపుదురు. చదువరులు ఈపాటికి గ్రహించియుందురు: మన రాగిసంగటి చేయు విధానమిదియే. రెండును కష్టజీవుల కడుపు నింపినవే. అయితే ఒక భేదము కలదు. కేవలము మొక్కజొన్నపై బ్రదికిన ఇటలీ రైతులకు పెలాగ్రా అను చర్మవ్యాధి సోకి, మతిభ్రమము కలిగి, వేలమంది చనిపోయిరి. రాగిముద్ద తిన్న మనవారికి ఆ పీడ లేదు.

పిజ్జామీది ఎఱ్ఱని పులుసు మాట కూడ చెప్పవలెను. అమెరికా ఖండమునుండి టమాటా ఇటలీకి చేరినది 16వ శతాబ్దిలో. మనవారు రామములగ యనియు తక్కాళి యనియు పిలుచు ఆ పంట నేడు కోలారు జిల్లా రైతునకు ఒక ఏడు బంగారము, మఱియొక ఏడు అప్పు. కోలారు టమాటా మార్కెట్టు దేశమున పెద్దవానిలో ఒకటి. లావెల్ రోడ్డు హోటలులో పిల్లల పళ్లెములోని ఎఱుపు మన బండ్లపై పోయినదే కావచ్చునని మేము చెప్పగా వారు నవ్విరి.

మాకు వడ్డించిన యువకుడు ఆ మాట విని ఆగెను. "మీది కోలారా సార్? మాది ఆండర్సన్‌పేట" అని మన తెలుగుననే పలికెను. తాతగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసిరట. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినపుడు తండ్రి ఉద్యోగము పోయినదట. తాను చాలకాలము మారికుప్పమునుండి తెల్లవారుజామున బయలుదేరు రైలులో వేలమందితోపాటు బెంగళూరు వచ్చిపోయి, ఇప్పుడు ఇక్కడనే గది తీసికొనెనట. ఇటలీవారు తన ఊరి గనులలో దిగిరన్న సంగతి అతడు వినలేదు. "మా తాతకు తెలిసే ఉంటుంది సార్, మేమే అడగలేదు" అనెను.

పొలెంట ఉన్నదా యని మేమడిగితిమి. పట్టికలో ఉన్నది గాని ఎవరును అడుగరనెను. తెప్పించితిమి. పిల్లలు ఒక ముద్ద రుచి చూచి ప్రక్కకు నెట్టిరి. అతడు పళ్లెము తీయుచు, "ఊరిబిండి ఉంటే ఇంకా బాగుంటుంది సార్" అని మెల్లగా చెప్పి లోనికి పోయెను.