నిజాంపట్నానికి వచ్చిన ఉత్తరం

సారా, పులుపు, తీపి, నీళ్లు, సుగంధ ద్రవ్యం ఒకే గిన్నెలో కలిపి నలుగురూ పంచుకుని తాగే పానీయం పంచ్. ఇవాళ కాక్‌టెయిల్ పేరుతో ఇళ్లలోనూ బార్లలోనూ కలుపుతున్న పానీయాల్లో చాలావాటికి అది తాత వరస. ఇంగ్లిషు రాతలో ఆ మాట మొట్టమొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28న రాసిన ఒక ఉత్తరంలో. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు. అందుకోవలసినవాడు థామస్ కోలీ, పెట్టపోలిలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వర్తకుడు. పెట్టపోలి అంటే అప్పటి పెద్దపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. 2032లో ఆ ఉత్తరానికి నాలుగు వందల ఏళ్లు నిండుతాయి.

మద్యంలో ఇంకేదో కలపడం ఈ దేశంలో అంతకన్నా చాలా పాత అలవాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అంటూ మద్యాలకు పేర్లు పెట్టి, దేనిలో ఏం పడాలో చెప్పింది. మైరేయంలో బెల్లంతో పాటు పిప్పళ్లు, మిరియాలు పడేవి. పన్నెండో శతాబ్దిలో చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం పానీయాల కోసం ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఈ రెండు గ్రంథాల నడుమ వెయ్యేళ్ల పైమాట గడిచింది. ఆ కాలమంతా సామాన్యుల ఇళ్లలో ఏ ముంతలో ఏం కలిపారో రాసిపెట్టినవాళ్లు దాదాపు లేరు. తాటిచెట్టు ఎక్కి కల్లు గీసి, లొట్టి దించిన చేతులు తమ విద్యను కొడుకులకు నేర్పాయి తప్ప కాగితం మీద పెట్టలేదు.

బట్టీ పెట్టి సారా దించడం గురించి వివరంగా తెలిపేది పదహారో శతాబ్ది చివరినాటి ఐన్-ఇ-అక్బరీ. చెరుకును దంచి, తుమ్మబెరడు కలిపి, నీళ్లు పోసి, జాడీలను గుర్రపు లద్దెలో పాతి పులియబెట్టడం, ఆ పులిసిన రసాన్ని మూడు రకాల బట్టీల్లో కాచడం అందులో ఉన్నాయి. అక్బరు కొడుకు జహంగీర్ తన తాగుడు గురించి తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. ఒక దశలో రోజుకు 20 గిన్నెల రెండుసార్లు కాచిన సారా తాగేవాడు. చేతులు వణికి గిన్నె పట్టుకోలేని స్థితి వచ్చాక, వైద్యుడి హెచ్చరిక విని తగ్గించుకున్నాడు. అప్పటి నుంచి రెండు పాళ్ల ద్రాక్ష మద్యంలో ఒక పాలు సారా కలిపి తాగాడు. కొలత చెప్పి కలిపిన మద్యం గురించి తాగినవాడే రాసిన పాత సాక్ష్యాల్లో ఇది అరుదైనది. కానీ అది అంతఃపురం సంగతి. పంచ్ కథ రేవులది.

గ్లోబ్ అనే ఓడ కెప్టెన్ ఆంథనీ హిప్పన్ నాయకత్వంలో 1611 ఆగస్టులో పెద్దపల్లి తీరం చేరింది. అక్కడ కొందరిని దించి మచిలీపట్నం వెళ్లింది. తెలుగు తీరంలో ఇంగ్లిషు కంపెనీ వ్యాపారానికి అదే మొదలు. డచ్చివాళ్లు అంతకు అయిదారేళ్ల ముందే రెండు రేవుల్లోనూ దిగి ఉన్నారు. అందరూ వచ్చింది బట్టల కోసమే. పెద్దపల్లి చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికే చిరివేరు అద్దకంలో ఇచ్చే ఎరుపుకు పెట్టింది పేరు. ఆ ఎర్రటి అద్దకపు బట్టలకు జావా, సుమత్రా దీవుల్లో గిరాకీ ఎక్కువ. బట్టలు తూర్పు దీవులకు వెళ్లేవి, తిరుగు ఓడల్లో జాజికాయ, జాపత్రి, లవంగం, మిరియాలు వచ్చేవి. పంచ్ గిన్నెలో చివరగా పడే జాజికాయ పొడి కోరమాండల్ తీరానికి చేరింది ఈ బట్టల బేరం వల్లనే.

ఇంగ్లండు నుంచి బయలుదేరిన నావికులకు తాగేందుకు బీరు, వైను పీపాల్లో వచ్చేవి. ఆఫ్రికా కొస చుట్టి ఆరేడు నెలలు ప్రయాణం చేసేసరికి, భూమధ్యరేఖ దగ్గరి వేడికి బీరు పులిసి పాడయ్యేది. వైను వస్తే కొద్దిగా వచ్చేది, దాని ధర ఎక్కువ. రేవులో దిగినవాడికి దొరికేది కల్లు, లేదా కల్లుతోనో బెల్లంతోనో కాచిన సారా. చెమట అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి దానికి అరక్ అన్న పేరు వచ్చింది. బట్టీ కుండ మూతకు పట్టి బొట్టుబొట్టుగా కారే ఆవిరిని చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. కానీ తాజాగా దించిన సారా గొంతు మండిస్తుంది, వాసన ముక్కుకు కొడుతుంది. దాని ఘాటు తగ్గాలంటే నీళ్లు కావాలి. నీళ్లు పోస్తే చప్పబడుతుంది కనుక పులుపు కావాలి, పులుపును ఓర్చుకోవాలంటే తీపి కావాలి. నిమ్మకాయలూ బెల్లమూ ఆ ఊళ్లో గడప దాటితే దొరికేవే.

ఈ కలయిక తెలుగువాళ్లకు వింతగా తోచదు. బెల్లం, నీళ్లు, మిరియాలు, ఏలకులు కలిపితే శ్రీరామనవమి పానకం. కొన్ని ఇళ్లలో నిమ్మరసం కూడా పిండుతారు. గుంటూరు సీమలో, మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి నైవేద్యం కూడా అదే. పంచ్‌లో ఉండే అయిదింటిలో నాలుగు పానకంలో అప్పటికే ఉన్నాయి. పానకం చూసి ఆంగ్లేయులు పంచ్ చేశారని చెప్పడానికి ఆధారం లేదు. కానీ ఎండకు అలసిన మనిషికి తీపి, పులుపు, కారం కలిసిన చల్లటి నీళ్లు ఎంత హాయినిస్తాయో ఆ తీరానికి కొత్తగా తెలియవలసిన సంగతి కాదు.

ఉత్తరంలో పంచ్ ప్రస్తావన ఒక్క వాక్యమే. కోలీ ఇల్లు చక్కగా నడుపుకుంటాడని ఆశిస్తున్నట్టు చెప్పి, వెంటనే పంచ్ తాగే విషయం ఎత్తుతాడు ఆడమ్స్. ఆ వాక్యం చివరి మాటలను రెండు విధాలుగా చదవవచ్చు. ఒక లెక్కన కొలత పెట్టుకోకుండా కడుపారా తాగండి అని స్నేహితుడి ప్రోత్సాహం. ఇంకో లెక్కన ఎట్టి పరిస్థితిలోనూ దాని జోలికి పోవద్దని హెచ్చరిక. కంపెనీలో రోజుకు ఇంత అని మద్యం కొలిచి ఇచ్చే పద్ధతి ఉండేది కనుక మొదటి అర్థానికే మొగ్గు ఎక్కువ. ఏ విధంగా చదివినా ఒక విషయం మాత్రం స్పష్టం. పంచ్ అంటే ఏమిటో ఆడమ్స్ వివరించలేదు. 1632 నాటికే ఈ తీరంలోని ఆంగ్లేయులకు అది వివరణ అక్కర్లేని మాట.

ఆ ఏడాది తేలికగా గడిచినది కాదు. 1630లో మొదలైన మహా కరువు గుజరాత్‌నూ దక్కనునూ కోరమాండల్ తీరాన్నీ కుంగదీసింది. అదే 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఏటా 500 పగోడాలకు తన రేవుల్లో వ్యాపారం చేసుకోవడానికి ఇంగ్లిషు కంపెనీకి బంగారు ఫర్మానా ఇచ్చాడు. మరుసటి ఏడాది మార్చిలో రాల్ఫ్ కార్ట్‌రైట్ నాయకత్వంలో ఎనిమిది మంది ఆంగ్లేయులు మచిలీపట్నం నుంచి ఒరిస్సాకు ఓడలో బయలుదేరారు. ఆ జట్టులో రెండో స్థానంలో ఉన్న వర్తకుడి పేరు థామస్ కోలీ. వాళ్లతో వెళ్లిన విలియం బ్రూటన్ రాసిన కథనం ప్రకారం ఆ కోలీ 1633 ఆగస్టులో హరిహరపూర్‌లో తీవ్రమైన జ్వరంతో చనిపోయాడు. దూరదేశంలో పది మంది ఒక గిన్నె చుట్టూ కూర్చోవడంలో ఎంత ఆప్యాయత ఉందో, పక్కనే ఎంత మృత్యువు ఉందో ఆ రెండు పత్రాలను కలిపి చదివితే అర్థమవుతుంది.

తర్వాతి యాత్రికులు కొలతలు కూడా రాశారు. 1638లో సూరత్‌లో ఉన్న జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో సారా, పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపిన పానీయాన్ని పాలెపుంట్జ్ అన్నాడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియే బెంగాల్‌లో బెల్లపు సారా, నిమ్మరసం, నీళ్లు, కాస్త జాజికాయ కలిపిన బూలెపోంజ్ చూశాడు. రుచికి బాగున్నా ఒంటికి చెరుపు అని తేల్చాడు. రెండు పేర్లలోనూ వినిపించేది ఇంగ్లిషు బౌల్, అంటే పంచ్ కలిపే గిన్నె. 1673లో మచిలీపట్నం రేవులో దిగిన జాన్ ఫ్రయర్, గోవా దగ్గరి నేరుల్ సారాను మెచ్చుకుంటూ, హిందుస్తానీలో అయిదు అనే అర్థమున్న మాటే పంచ్ అనీ, అయిదు వస్తువులు పడతాయి కనుక ఆ పేరనీ రాశాడు. ఈ వ్యుత్పత్తి మీద పేచీ ఉంది. పంచన్ అనే పెద్ద పీపా పేరు నుంచి మాట వచ్చిందని ఇంకొందరి వాదన. మాండెల్‌స్లో చెప్పిన పానీయంలో నాలుగు వస్తువులే ఉన్న మాటా నిజమే. అయినా నిఘంటుకారులు ఎక్కువగా మొగ్గేది అయిదు వైపే.

ఓడలతో పాటు పంచ్ పడమటికి ప్రయాణమైంది. 1731లో లండన్ లడ్‌గేట్ హిల్‌లో జేమ్స్ ఆష్లీ పంచ్ హౌస్ తెరిచి, చిన్న కొలతల్లో చవగ్గా అమ్మి, పెద్దింటి పానీయాన్ని బజారుకు తెచ్చాడు. అదే ఏడాది గోథెన్‌బర్గ్‌లో ఏర్పడిన స్వీడన్ ఈస్టిండియా కంపెనీ ఓడలు జావా అరక్‌ను అక్కడికి చేర్చాయి. గురువారం బఠాణీ సూపుతో వెచ్చటి పున్ష్ తాగడం స్వీడన్‌లో ఇప్పటికీ ఉంది. 1763లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక స్నేహితుడికి పాల పంచ్ చేసే పద్ధతి రాసి పంపాడు. నిమ్మరసం కలిసిన బ్రాందీలో వేడి పాలు పోస్తే పాలు విరుగుతాయి. ఆ విరుగుడును వడకడితే ఘాటు పోయి, తేటగా, నెలల తరబడి నిలవ ఉండే పానీయం మిగులుతుంది. చార్లెస్ డికెన్స్ కూడా 1847లో ఉత్తరంలోనే తన పంచ్ పద్ధతి చెప్పాడు. నిమ్మ తొక్కలు, చక్కెర, రమ్, బ్రాందీ గిన్నెలో వేసి అంటించి, కాసేపు మండనిచ్చి, ఆర్పి, నిమ్మరసం పిండి మరిగే నీళ్లు పోయడం ఆయన పద్ధతి. పంచ్ కథలో మళ్లీమళ్లీ ఉత్తరాలే దొరకడం సహజం. అది స్నేహితులు ఒకరికొకరు నేర్పుకున్న విద్య.

గిన్నె నుంచి గ్లాసుకు మారిన మలుపు అమెరికాలో వచ్చింది. 1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రం హడ్సన్ పట్టణంలోని ఒక పత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏదైనా సారా, చక్కెర, నీళ్లు, చేదు మూలికల అర్కం కలిసినదని నిర్వచించింది. పులుపు పోయి చేదు వచ్చింది. 1830 ప్రాంతంలో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన స్తంభాకారపు బట్టీ వల్ల సారా ఆపకుండా, శుభ్రంగా దిగసాగింది. వాసన దాచడానికి కలపాల్సిన అవసరం తగ్గి, రుచి కోసం కలపడం మొదలైంది. 1862లో జెర్రీ థామస్ తెచ్చిన పుస్తకం అమెరికా బార్ పనివాళ్లకు మొదటి పాఠ్యగ్రంథం. అందులోనూ పంచ్‌లకే పెద్దపీట. కానీ అప్పటికే గంటల తరబడి గిన్నె చుట్టూ కూర్చునే తీరిక తగ్గి, ఎవరి గ్లాసు వారిదైంది.

ఇరవయ్యో శతాబ్దిలో కథ ఒక దారిన నడవదు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం నడిచి, బార్ పనివాళ్లు కొందరు విదేశాలకు పోయారు. పంచ్ ఉత్తరం చేరిన తెలుగు తీరంలో సారా మాట ఇంకో అర్థం తెచ్చుకుంది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ సారాను ఊరూరా చేర్చింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించి, రాష్ట్రమంతా పాకిన ఉద్యమానికి నాంది పలికారు. వర్ధినేని రోశమ్మ ఆ పోరాటానికి గుర్తుగా నిలిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఇంటి ఖర్చు మింగి, దెబ్బలు మిగిల్చిన సారా గురించి ఆ ఆడవాళ్లు చెప్పినది పంచ్ చరిత్రకు బయటిది కాదు. బెర్నియే చెరుపు అన్నది ఇదే సరుకును.

ఈ శతాబ్దిలో రుచి కోసం కొద్దిగా తాగే అలవాటు మరో దారిలో పెరిగింది. 2004లో బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ విస్కీ గ్లాస్గోలో విడుదలైంది. 2009లో గోవా జీడిమామిడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇళ్లలో కాక్‌టెయిల్ కలిపేవాళ్లు పెరిగి, పాత పంచ్ పద్ధతులను వెతికి తీస్తున్నారు. కోలీ ఇంట్లో దొరికిన సారాకు దగ్గరి బంధువు శ్రీలంకలో కొబ్బరి కల్లుతో కాచే అరక్. అది లేనిచోట చెరుకు మడ్డితో చేసే ముదురు రంగు రమ్ పనికొస్తుంది.

పద్ధతి పెద్దగా మారలేదు. నిమ్మకాయల పసుపు తొక్కను, లోపలి తెల్లని పొర రాకుండా, పలచగా చెక్కి చక్కెరలో వేసి రుద్దాలి. గంటసేపు ఉంచితే తొక్కలోని నూనెను చక్కెర పీల్చుకుని పరిమళం పట్టుకుంటుంది. పంచ్‌కు ప్రాణం ఈ మెట్టే. తొందరపడి దీన్ని దాటేస్తే మిగిలేది మత్తున్న నిమ్మరసం. ఆ చక్కెరను నిమ్మరసంతో కరిగించి, తొక్కలు తీసేసి, సారా, నీళ్లు పోయాలి. కరీబియన్ దీవుల్లో స్థిరపడిన కొలత పులుపు ఒక పాలు, తీపి రెండు, సారా మూడు, నీళ్లు నాలుగు. నీళ్ల పాలే పెద్దది కనుక గ్లాసు నెమ్మదిగా తాగినా ఘాటు తెలియదు, ఎంత తాగామన్న లెక్కా తెలియదు. అందుకే చిన్న గ్లాసులు వాడేవారు. ఐసు చిన్న ముక్కలుగా కాక ఒకే పెద్ద గడ్డగా వేస్తే త్వరగా కరిగి పలచబడదు. జాజికాయను ముందే పొడి చేసి పెట్టుకోకూడదు, వాసన ఎగిరిపోతుంది. గిన్నె అందరి మధ్యకు వచ్చాక, పైన అప్పటికప్పుడు అరగదీస్తారు.