లక్కపిడత: మన మొదటి గిన్నె

మనలో చాలామంది మొదటిసారి వంట చేసింది పొయ్యి మీద కాదు, లక్కపిడతల్లో. ఇసుక అన్నం, ఆకుల కూర, ఉత్తి నీళ్ల చారు! పెద్దయ్యాక బొమ్మల కొలువులో మళ్లీ అవే పేర్చుకున్నాం. అంత చిన్న గిన్నె వెనక ఎంత కథ ఉందో చూద్దాం రండి.

చెక్క గిన్నె మన వంటింటికి కొత్త కాదు. ఉప్పూ పులుపూ లోహాన్ని తినేస్తాయి కనుక, ఉప్పు పోసుకోవడానికీ ఊరగాయ కలపడానికీ చెక్క మరిగలు వాడేవారు. మరిగను మొద్దులోంచి ఉలితో తొలుస్తారు. లక్కపిడతను మాత్రం తరిణె పడతారు. అంటే చెక్క గిరగిరా తిరుగుతుంటే దానికి ఉలి ఆనించి చెక్కుతారన్నమాట.

ఈ పనికి పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ వాడేది మెత్తని అంకుడు కర్ర. కరెంటు లేని రోజుల్లో తరిణెకు తాడు చుట్టి అటూ ఇటూ లాగేవారు. ఒకరు లాగాలి, ఒకరు చెక్కాలి. చెక్క ముందుకు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఆగాలి. ఇద్దరికీ లయ కుదిరితేనే గిన్నె.

ఇప్పుడు మోటారు తిప్పుతోంది కానీ, నేర్చుకోవాల్సిన ఓపిక తగ్గలేదు. మా చెల్లెలి కూతురు ఈమధ్య చెక్కపని మొదలుపెట్టింది. మొదటి పాఠం గిన్నే. బయటి గుండ్రం ఒక్క పూటలో వచ్చిందట, లోపల తొలవడానికి మూడు రోజులు పట్టిందట. "అడుగు ఎంత మిగిలిందో కంటికి తెలీదు పెద్దమ్మా, కొలుచుకుంటూ పోవాలి" అంది. అంతకంటే ముందు కర్ర ఆరాలి. పచ్చికర్రతో తొందరపడి చేస్తే ఆరేటప్పుడు గిన్నె వంకరపోతుంది, పగులుతుంది కూడా.

ఇక రంగు. లక్క అంటే కొమ్మల మీద లక్కపురుగులు కట్టే జిగురు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న గిన్నెకు నొక్కితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపుకొమ్ములతో పచ్చరంగు, నీలిమొక్కతో నీలం, జాఫ్రా గింజలతో నారింజ ఎరుపు.

తర్వాత రసాయన రంగులొచ్చాయి. చవక, పైగా పని సులువు. అయితే పసిపిల్లలు ఏది చేతికిచ్చినా ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా! ఆ ఊరికే చెందిన సి.వి. రాజు గారు పనివాళ్లతో కలిసి చెట్టుచేమల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారిని పద్మశ్రీ వరించింది.

బిరుదులు గౌరవాన్ని ఇస్తాయి కానీ, పనివాడి ఇంట్లో పొయ్యి వెలగాలంటే మనం కొనాలి. సంతలో లక్కపిడతలు కనబడితే ధరతో పాటు "ఏ రంగు వేశారు బాబూ?" అని కూడా అడగండి. ధర ఒక్కటే అడిగామంటే, చవక రంగును తిరిగి పిల్లల నోటికి అందించింది మనమే అవుతాం.