హెన్రీగారి తీగచుట్ట

మా అబ్బాయి ఫిజిక్సు పుస్తకంలో ‘2 హెన్రీలు’ అని చూసి తెల్లబోయాను. మనుషుల్ని కూడా తూకం వేస్తారా అని! బి.ఏ. చదివినదాన్ని మరి.

తీరా చూస్తే జోసెఫ్ హెన్రీ అమెరికాలో, ఆల్బనీ అకాడమీలో మేష్టారు. ఏడాదంతా పిల్లలకి పాఠాలు. ప్రయోగాలకి వేసవి సెలవులే గతి. తీగకి చుట్టడానికి పట్టుగుడ్డ కోసం భార్య హారియెట్ లోపావడాలు చింపాడని ఓ కథ ఉంది. నిజమో కాదోగానీ, ఆవిణ్ణి అడిగే చింపాడా అన్నది నా సందేహం.

తీరిక దొరక్క ఆయన ఆలస్యం చేస్తే, ఇంగ్లండులో ఫారడే 1831లోనే విద్యుత్ ప్రేరణ సంగతి ప్రకటించేశాడు. అయినా 1832లో హెన్రీ రాసిన వ్యాసంలో ఓ కొత్త సంగతుంది. చుట్టగా చుట్టిన పొడుగాటి తీగని బ్యాటరీనించి విడదీస్తే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది! చుట్టలో కరెంటు ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా ఆగనూ ఆగదు.

ఎంతసేపట్లో పెరుగుతుందో 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్‌జ్ లెక్క కట్టాడు. చుట్ట ప్రేరకత్వాన్ని నిరోధంతో భాగిస్తే వచ్చే కాలంలో కరెంటు 63 శాతానికి చేరుతుంది. దానికి అయిదింతలు గడిచేసరికి 99 శాతం దాటుతుంది.

హెన్రీ 1878లో పోయాడు. 1893లో చికాగో మహాసభ ఆ ప్రేరకత్వం కొలతకి ఆయన పేరు పెట్టింది.

వంటిల్లు సర్ది రాత్రి కాగితాల ముందు కూచుంటే నా కలమూ వెంటనే కదలదు. కదిలాక ఆపమంటే ఆగదు, పొయ్యిమీద పాలు పొంగుతున్నా సరే. నాలో ఎన్ని హెన్రీలున్నాయో!